ఎండను కరెంటు చేసే పెంకులు

పాత పెంకుటిళ్లలో పెరిగినవారికి గాజు పెంకు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పొగచూరిన వంటింటి కప్పులో, మట్టి పెంకుల నడుమ, ఒకటో రెండో గాజు పెంకులు అమర్చేవారు. పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలికి పగటిపూట దీపంతో పని లేకుండా, ఆ పెంకులోనుంచి చేటంత ఎండ వచ్చి నేలమీద పడేది. ఆ ఎండ గోడ వార నుంచి నీళ్ల బిందెల దాకా జరిగిందంటే భోజనాల వేళ అయిందని లెక్క. ఎండను ఇంటి పనికి వాడుకోవటం మనవారికి తెలియనిది కాదు.

ఇప్పుడు కొన్ని దేశాల్లో ఇళ్ల కప్పులమీదికి మరొక రకం గాజు పెంకు వచ్చింది. ఇది ఎండను లోపలికి రానివ్వదు. తన దగ్గరే పట్టి, కరెంటు చేసి, తీగగుండా కిందికి పంపుతుంది. దూరానికి చూస్తే మామూలు పెంకుటిల్లే. కప్పుమీద పలకలు, ఇనుప కాళ్లు ఏమీ కనబడవు. దీన్ని గురించి ఈమధ్య మన కుటుంబాల్లో కూడా మాటలు వినబడుతున్నాయి. పాత ఇంటి పెంకులు దింపించి వీటిని వేయిద్దామా అనేవారు ఉన్నారు. దింపించే ముందు ఆ పెంకు ఎలా పనిచేస్తుందో, ఎవరి ఇంటికి పనికివస్తుందో తెలిసి ఉండటం మంచిది గదా.

మనం పెంకు అంటాం. ఇక్కడ బెంగుళూరులో మా ఇరుగుపొరుగువారు హెంచు అంటారు. మద్రాసువైపు ఓడు, షోలాపురం వైపు కౌలు. సర్కారు జిల్లాల బంధువులకు అది బంగాళా పెంకు. పేర్లు ఎన్నైనా మన పెద్దల ఇళ్లమీద ఉన్నది చాలావరకు ఒకటే సరుకు. 1860 తర్వాతి దశకంలో బాసెల్ మిషన్‌వారు మంగుళూరులో మొదలుపెట్టిన కార్ఖానా పద్ధతి పెంకు. ఎర్రమట్టిని అచ్చులో ఒత్తి బట్టీలో కాలుస్తారు. ఒక్కొక్కటి రెండు మూడు కిలోల బరువు. ఒకదాని గాడిలో ఒకటి కూర్చుంటుంది. కింద రీపర్లు, వాసాలు, దూలం తప్ప మరేమీ ఉండదు. సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ముందు దానితో పని ఉన్నది.

కొత్త పెంకు వెనుక చాలా ఏళ్ల కథ ఉన్నది. 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్ అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు ద్రావకంలో ముంచిన లోహపు రేకులమీద వెలుతురు పడితే కొద్దిగా కరెంటు పుడుతున్నదని కనిపెట్టాడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ అనే ఆయన సెలీనియం పొరమీద పలచటి బంగారు పూత వేసి పలకలు చేశాడు. వాటిమీద పడిన ఎండలో నూటికి ఒక పాలు మాత్రం కరెంటు అయ్యేది. బంగారం పెట్టి ఆ మాత్రం కరెంటు ఎవరు కొంటారు? ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు, 1954 ఏప్రిల్ 25న, బెల్ కంపెనీ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో చేసిన ఘటాన్ని లోకానికి చూపించారు. దాని కరెంటుతో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పారు. నూటికి ఆరు పాళ్లు. 1958 మార్చి 17న అమెరికావారు పంపిన వాన్‌గార్డ్ అనే చిన్న ఉపగ్రహానికి ఈ ఘటాలు అమర్చారు. అందులో బ్యాటరీతో నడిచే యంత్రం కొద్ది నెలల్లోనే మూగబోయింది. ఎండతో నడిచేది 1964 వరకు పలికింది. అప్పటినుంచి ఈ విద్యమీద అందరికీ గురి కుదిరింది. ఈనాడు బజారులో దొరికే ఘటాలు నూటికి ఇరవై పాళ్లు, అంతకు కొంచెం పైగా కరెంటు చేస్తున్నాయి.

సిలికాన్ అంటే ఏమిటి? ఇసుకలో, పలుగురాయిలో ఉండే మూలకమే. దాన్ని కొలిమిలో కరిగించి, మాటిమాటికీ శుద్ధి చేసి, దిమ్మగా పోసి, అప్పడం కన్నా పలచగా కోస్తారు. ఒక మిల్లీమీటరులో ఆరో వంతు మందం ఉంటుందంతే. ఈ బిళ్లలో కరెంటు పుట్టే తీరు నాకు తెలిసిన పోలికతో చెబుతాను.

సిలికాన్ పరమాణువుకు నాలుగు చేతులు ఉన్నాయనుకోండి. నాలుగు చేతులతోనూ చుట్టూ ఉన్న నలుగురి చేతులు పట్టుకుని నిలబడుతుంది. అందరి చేతులూ నిండి ఉన్నాయి గనుక ఎవరూ కదలరు, కరెంటు పారదు. ఇప్పుడు బిళ్ల పైపొరలో, లక్షల్లో ఒకటి చొప్పున, భాస్వరం పరమాణువులు కలుపుతారు. దానికి చేతులు అయిదు. అయిదో చేతికి పట్టుకునేందుకు ఎవరూ దొరకరు. ఆ వదులుగా ఉన్నదే ఎలక్ట్రాను. అడుగుపొరలో బోరాన్ కలుపుతారు. దానికి మూడే చేతులు. అక్కడ ఒక ఖాళీ. వదులు ఎలక్ట్రాన్లు ఉన్న పొర, ఖాళీలు ఉన్న పొర ఒకదానికొకటి తగిలిన చోట కొన్ని ఎలక్ట్రాన్లు ఇవతలినుంచి అవతలికి దాటి ఖాళీల్లో కూర్చుంటాయి. దానితో ఆ సరిహద్దు వెంబడి చెరువు గట్టు వంటిది ఒకటి ఏర్పడుతుంది. ఇక ఆ వైపు నుంచి ఈ వైపుకు తేలిగ్గా రావచ్చు గాని, తిరిగి పోవటానికి గట్టు అడ్డం.

ఎండ పడిందంటే వెలుతురు కణం ఒకటి వచ్చి ఒక ఎలక్ట్రాను చెయ్యి విడిపిస్తుంది. విడిపడిన ఎలక్ట్రానును ఆ సరిహద్దు పైపొరలోకి తోసేస్తుంది. అది చెరువులో చేరిన నీరు వంటిది. గట్టు దాటలేదు, కిందికి పోవాలంటే తూము ఒక్కటే దారి. మనం బిళ్ల పైన వెండి గీతలు, అడుగున లోహపు పూత వేసి, రెంటినీ తీగతో కలిపితే ఆ తీగే తూము. తూము దారిలో చక్రం పెడితే తిరిగినట్లు, తీగ దారిలో దీపం పెడితే వెలుగుతుంది. ఎలక్ట్రాన్లు దీపం వెలిగించి, అడుగుపొరలోని ఖాళీల్లోకి చేరతాయి. మళ్లీ ఎండ వాటిని పైకి లేపుతుంది. ఇందులో ఏదీ అరగదు, కాలదు, పొగ రాదు, చప్పుడు ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉన్నది. కరెంటు చేసేది ఎండలోని వెలుతురు, వేడి కాదు. బెంగుళూరులో మేడలమీద విరివిగా కనిపించే నీళ్లు కాచే సోలారు గొట్టాలు వేరు, ఇవి వేరు. వాటికి వేడి కావాలి. వీటికి వేడి శత్రువు. 25 డిగ్రీలకు పైన ఒక్కొక్క డిగ్రీకి ఘటం నుంచి వచ్చే కరెంటు నూటికి మూడో వంతు పాలు, అంటే వెయ్యికి మూడు నాలుగు పాళ్లు తగ్గుతుంది. మే నెలలో ఘటం 65 డిగ్రీలకు కాగిందనుకుంటే నూటికి పన్నెండు పదమూడు పాళ్లు అక్కడే పోయినట్లు.

ఒక్క ఘటం ఇచ్చేది అర ఓల్టు పైచిలుకు. అందుకని అరవై డెబ్భై ఘటాలను వరుసగా, పూసలు గుచ్చినట్లు కలుపుతారు. వచ్చేది టార్చిలైటు బ్యాటరీలో ఉండే తరహా కరెంటు, ఒకే దిక్కుకు పారేది. మన పంకాలు, మిక్సీలు నడిచేది దిక్కు మార్చుకుంటూ పారే 230 ఓల్టుల కరెంటుతో. ఆ మార్పు చేసే పెట్టె ఇన్వర్టరు. అక్కడనుంచి ఇంటి తీగల్లోకి, ఇంటికి మిగిలినది మీటరుగుండా వీధి తీగల్లోకి పోతుంది. రెండువైపులా లెక్క చూసే మీటరు బిగిస్తారు. పగలు మనం ఇచ్చినది, రాత్రి మనం తీసుకున్నది తీసివేతలు పోగా మిగిలినదానికి బిల్లు.

కోలారు బంగారు గనుల్లో మన పెద్దలు ఎందరో పని చేశారు. ఆ గనులకు 1902లో కావేరిమీది శివసముద్రం నుంచి 92 మైళ్లు తీగలు లాగి కరెంటు తెచ్చారు. ఆ రోజుల్లో అది లోకం చెప్పుకున్న వింత. ఈ పెంకు తయారుచేసిన కరెంటు నడిచే దూరం కప్పునుంచి వంటింటి దాకా.

సరే, ఘటం సంగతి తెలిసింది. అది పెంకు ఎట్లా అయింది? సోలారు పలక అంటే అరవై డెబ్భై ఘటాలను ఒకే పెద్ద అద్దం కింద పరిచినది. పెంకులో కొద్ది ఘటాలే ఉంటాయి. పైన గట్టి అద్దం, నడుమ ఘటాలు, అడుగున మరొక పొర, మూడూ ఊపిరి ఆడకుండా అతికించి ఉంటాయి. వాన ఇంట్లోకి రాకుండా చూసే పని కూడా దానిదే. పక్కనుంచి చూస్తే ఘటం నల్లదనం కనబడకుండా, కప్పు రంగులో కలిసిపోయేట్లు అద్దంమీద పనితనం చేస్తారు. కప్పుమీద ఉన్న ప్రతి పెంకూ కరెంటు ఇవ్వదు. చూరు అంచున, కొప్పు దగ్గర, మూలల్లో కోసి అమర్చవలసిన చోట ఉత్త అద్దపు పెంకులే వేస్తారు. ఘటాలున్న పెంకును కోయరాదు గదా. ఈ మాట అమ్మకందార్లు తమంతట తాము చెప్పరు.

అమెరికాలో డౌ అనే రసాయనాల కంపెనీ ఇటువంటి కప్పు పలకలను 2009లో ప్రకటించి, 2011లో అమ్మకానికి తెచ్చి, 2016లో మానుకున్నది. అదే ఏడు అక్టోబరులో టెస్లా కంపెనీ అధిపతి ఎలన్ మస్క్ గాజు పెంకుల కప్పును పెద్ద వేడుక చేసి చూపించారు. బజారు వెడల్పున మాట పాకింది దానితోనే. మూడో రకం 2019 అక్టోబరులో వచ్చింది. 2021లో ఆ కంపెనీ ధర పెంచగా, అప్పటికే ఒప్పందం చేసుకున్న ఇళ్లవారు కోర్టుకెక్కారు. 2022 జనవరిలో జీఏఎఫ్ అనే మరొక సంస్థవారు మామూలు మేకులతో బిగించదగిన రకాన్ని తెచ్చారు. ఇవన్నీ చూస్తే నాకు తోచినది ఒకటి: ఘటం చేయటం కన్నా దాన్ని నిలకడగా కప్పుమీద నిలబెట్టటమే కష్టమైన పనిగా ఉన్నది.

ఈ పెంకులకు చక్కగా సరిపోయిన చోటు ఇటలీలో ఉన్నది. క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయి నగరాన్ని తవ్వి తీశారు గదా. అక్కడ సెరెరె ఇల్లు అని పిలిచే పురాతన గృహం కప్పుమీద కాల్చిన మట్టి పెంకుల్లాగే కనిపించే సోలారు పెంకులు వేశారు. వాటిపైన అద్దం బదులు మట్టిరంగు పొర ఉంటుంది. కంటికి మట్టిలా కనిపిస్తుంది గాని వెలుతురును లోపలి ఘటానికి పోనిస్తుంది. మామూలు పలకకన్నా కరెంటు తక్కువే వస్తుంది. అయినా రెండువేల ఏళ్ల నగరంమీద నల్లటి పలకలు నిలబెట్టలేరు, కొత్తగా తీగలు లాగి గోడలు తవ్వలేరు. అటువంటి చోట ఇది సరైన పని.

మన ఇళ్ల సంగతి వేరు. మా బావగారిది ముళబాగిలు తాలూకాలో పెంకుటిల్లు, వారి తాతగారు కట్టించినది. రెండు వానాకాలాల నుంచి పడమటి వసారా కురుస్తున్నది. ఆయన ఉద్యోగం విరమించాక చేతికి వచ్చిన సొమ్ములో కొంత ఇంటికి పెట్టాలనుకుంటున్న సమయంలో ఒక అమ్మకందారు వచ్చి, పాత పెంకులన్నీ దింపి సోలారు పెంకులు వేస్తే కురవటమూ ఆగుతుంది, జన్మలో కరెంటు బిల్లూ ఉండదు, ఊళ్లో కరెంటు పోయినా మీ ఇంట్లో దీపాలు వెలుగుతాయి అని చెప్పి వెళ్లాడు. బావగారు సంబరపడి నాకు కబురుచేశారు. "ఏమయ్యా, నువ్వు ఆఫీసులో లెక్కలు రాసేవాడివి. వచ్చి ఇది కాస్త చూడు" అన్నారు. నేను వెళ్లి మొదట అడిగినది ఆయన్ని కాదు, మా అక్కయ్యను. "అక్కా, కరెంటు బిల్లు కాగితాలు ఉన్నాయా?" అన్నాను. డబ్బాలోంచి ఏడాది కాగితాలు తెచ్చి ఇచ్చింది. నెలకు 110 యూనిట్లు దాటలేదు. కట్టవలసిన సొమ్ము సున్నా.

కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుకునే ఇళ్లకు, వారి వెనుకటి సగటు వాడకాన్నిబట్టి, బిల్లు లేదు. బిల్లే లేని ఇంట్లో బిల్లు తగ్గించటానికి ఇన్ని లక్షలు పెడితే మిగిలేదేమిటి? బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కురిసేదాని మాటేమిటి?" అన్నారు. అసలు సమస్య అదీ.

ఆయన ఇంటికి ఆ పెంకులు ఎందుకు తగవో చెబితే పెంకుటిళ్లు ఉన్న మరికొందరికి కూడా ఉపయోగపడుతుంది. అమెరికా ఇంటి కప్పులో వాసాలమీద చెక్కలు ఖాళీ లేకుండా పరిచి, నీరు దిగని పట్టా వేసి, ఆపైన పెంకు బిగిస్తారు. గాజు పెంకు ఆ నేలమీద కూర్చునేందుకు తయారైనది. మన మంగుళూరు కప్పు కింద రీపర్ల మధ్య అంతా ఖాళీ. కనుక గాజు పెంకు వేయాలంటే పాత పెంకులు, రీపర్లు దింపి, వాసాలు బాగుచేయించి, చెక్క పరిపించాలి. అంటే పెంకు కాదు, కొత్త కప్పు. పైగా మన కప్పు సందుల్లోంచి ఇంటి వేడి పైకి పోతుంది. చెక్కతో మూసేస్తే ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది. పెంకు అడుగున గాలి ఆడక ఘటం మరింత కాగి కరెంటు తగ్గుతుంది. కప్పునుంచి జానెడు ఎత్తున నిలబెట్టిన మామూలు పలకకు అడుగున గాలి ఆడుతుంది గనుక ఆ బాధ తక్కువ.

అతుకుల సంగతి కూడా ఉన్నది. మూడు కిలోవాట్లు కావాలంటే 500 వాట్ల పలకలు ఆరు చాలు. పెంకు ఒక్కొక్కటి 70 వాట్ల రకం అనుకుంటే 43 కావాలి. ప్రతి పెంకుకూ అడుగున తీగ అతుకు. అతుకు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఒక్కొక్కప్పుడు నిప్పు కూడా. పలక అయితే అడుగున చెయ్యి పెట్టి చూడవచ్చు. పెంకు అయితే ఊడదీయాలి. ఊడదీయటానికి తెలిసినవాడు ఊళ్లో దొరకాలి. మట్టి పెంకు పగిలితే పక్కవీధి మేస్త్రీ మధ్యాహ్నానికల్లా మార్చి పోతాడు. కోతులు తిరిగే ఊళ్లవారికి, కొబ్బరి చెట్టు ఇంటిమీదికి వంగినవారికి ఈ తేడా నేను వివరించనక్కరలేదు.

మూడో మాట, కరెంటు పోయినా దీపాలు వెలుగుతాయన్నది. ఇది పలకకైనా పెంకుకైనా ఒకటే. వీధి తీగల్లో కరెంటు ఆగగానే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోయేట్లు తయారుచేస్తారు. స్తంభం ఎక్కిన లైనుమన్‌కు మన కప్పునుంచి వచ్చిన కరెంటు తగిలి ప్రాణం పోకూడదు గదా. కనుక నడిమధ్యాహ్నం ఎండ కాస్తుండగా కూడా ఇల్లు చీకటే. ఆ సమయంలో వెలగాలంటే బ్యాటరీలు, వాటికి తగిన ఇన్వర్టరు విడిగా కొనాలి. దానికి విడిగా సొమ్ము పెట్టాలి.

బావగారు చివరకు రెండు దూలాలు, కొన్ని వాసాలు మార్పించి, పాత పెంకుల్లో మంచివి ఏరి పరిపించి, తక్కువైనవి పాత ఇల్లు పడగొట్టినచోట కొన్నారు. మిగిలిన సొమ్ము బ్యాంకులో ఉన్నది. అక్కయ్య వంటింటికి రెండు గాజు పెంకులు, పాత రకానివే, అడిగి వేయించుకున్నది.

అలా అని సోలారే వద్దని నా అభిప్రాయం కాదు. బిల్లు కట్టే ఇళ్ల లెక్క వేరు. బరంపురంలోనో షోలాపురంలోనో నలుగురు పిల్లలు, పంకాలు, ఫ్రిజ్జి, వేసవిలో ఒక ఏసీ ఉన్న ఇంట్లో నెలకు 300 యూనిట్లు సునాయాసంగా కాలతాయి. మన ప్రాంతాల ఎండకు ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లయితే రోజుకు 12, నెలకు 360. వానాకాలంలో తగ్గి, చలి పోయే రోజుల్లో పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం 2026–27 ఆర్థిక సంవత్సరం వరకు ఉద్దేశించినది. అందులో కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, అంతకు పైబడినవాటికి 78,000 రూపాయల సహాయం నిర్ణయించారు. ప్రభుత్వం లెక్కకు తీసుకున్న ధర మొదటి రెండు కిలోవాట్లకు యాభైవేల చొప్పున, మూడోదానికి నలభై అయిదువేలు, వెరసి 1,45,000. సహాయం పోగా 67,000. బజారు ధర దీనికన్నా ఎక్కువే పలుకుతుంది. ఇల్లు చూసి చెబుతారు. లక్ష చేతినుంచి పడిందనుకున్నా, యూనిట్ ఆరు రూపాయల చొప్పున నెలకు 2,160 మిగిలితే నాలుగేళ్లలోపే తీరుతుంది. పలకకు పాతికేళ్ల హామీ ఇస్తారు. సహాయం కావాలంటే పలకలు, వాటిలోని ఘటాలు కూడా మన దేశంలో తయారైనవి కావాలి. విదేశీ పెంకు కొనాలనుకునేవారు ఇది ముందే తెలుసుకోవాలి. తమిళనాట 2016లో రెండు నెలల వాడకంలో మొదటి 100 యూనిట్లకు వెల తీసేశారు. అక్కడివారు లెక్క వేసేటప్పుడు ఆ వంద పక్కన పెట్టి మిగిలినదానికే వేసుకోవాలి.

పెంకు పలకకన్నా మేలు అనిపించే చోటు కూడా ఉన్నది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పటి గాలి బరంపురంవారు మరచిపోరు. ఎత్తుగా నిలబెట్టిన పలక కిందికి గాలి దూరితే తెరచాపలాగా లాగుతుంది. కప్పుకు అంటి, ఒక్కొక్కటి మరతో బిగించిన పెంకు కిందికి గాలి దూరే సందు తక్కువ. తీరంలో కొత్తగా వాలు కప్పు ఇల్లు కట్టేవారు, ఎలాగూ చెక్క, పెంకు కొనవలసినవారు, రెండు ఖర్చులూ కలిపి చూసుకుంటే పెంకు ఆలోచించదగినదే. పాత కప్పు గట్టిగా ఉన్నవారికి, ఎక్కడ ఉన్నా, నా సలహా పలకే. పెంకుటింటిమీద పలక వేయించేటప్పుడు ఇనుప కొక్కెం పెంకు సందులోంచి దిగి వాసానికి మరతో బిగిసి ఉన్నదా అని స్వయంగా చూసుకోండి. పెంకుమీద బరువు మోపితే మొదటి వానకే తెలుస్తుంది.

దిక్కు సంగతి కూడా చెప్పాలి. దక్షిణానికి వాలిన కప్పు మేలంటారు, నిజమే. కాని మన ఇళ్లు చాలావరకు తూర్పు ముఖం, వాలు తూర్పు పడమరలు. అధైర్యపడనక్కరలేదు. మనం ఉన్నది భూమధ్యరేఖకు దగ్గరి సీమలు. బెంగుళూరులో ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరంగానే ఉంటాడు. కనుక తూర్పు పడమటి వాలులు కొద్ది తరుగుతో పనిచేస్తాయి. తరుగు అసలు వచ్చేది నీడతో. ఘటాలు పూసల్లాగా వరుసగా గుచ్చి ఉంటాయని చెప్పాను గదా. ఒక్క పూస మీద నీటి తొట్టి నీడో, కొబ్బరి మట్ట నీడో పడితే ఆ వరుస అంతా కుంటుతుంది. దీనికి విరుగుడుగా నీడపడిన భాగాన్ని తప్పించి కరెంటు పోయే అమరిక పెడతారు. అయినా నష్టం పూర్తిగా పోదు. బేరం ఆడక ముందు ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు కప్పుమీద నీడలు ఎక్కడ పడుతున్నాయో పిల్లలచేత గుర్తు పెట్టించండి.

అమ్మకందారు దగ్గర కాగితంమీద రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కప్పుమీద ఎన్ని పెంకులు కరెంటు ఇచ్చేవి, ఎన్ని ఉత్తవి. ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయి, రాకపోతే ఎవరు బాధ్యులు. కప్పు కురిస్తే హామీ ఎవరిది, పెంకు చేసినవారిదా, బిగించినవారిదా? పదేళ్ల తర్వాత ఒక పెంకు పగిలితే ఆ కొలత పెంకు దొరుకుతుందా? పిడుగు పాటుకు, భూమికి కలిపే తీగ వేరుగా వేస్తున్నారా? ఇన్వర్టరుకు హామీ ఎన్నేళ్లు? పలకకు పాతికేళ్లు ఇచ్చి, ఇన్వర్టరుకు అయిదో పదో ఏళ్లు ఇస్తారు; అది మధ్యలో ఒకసారి మార్చవలసి వస్తుందని ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

బిగించిన తర్వాత చేయవలసిన పని కడగటం ఒక్కటే. దుమ్ము, పక్షుల రెట్టలు పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. వేసవిలో పదిహేను రోజులకు ఒకసారి మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. సబ్బు, బూడిద, పీచు పనికిరావు. తెల్లవారుజామునే కడగాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దంమీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉన్నది. పెంకుటింటిమీదికి ఎక్కి కడగకండి. నిచ్చెన వేసుకుని చూరు దగ్గర నిలబడి, పొడుగాటి కర్రకు గుడ్డ కట్టి కడగండి.